ఏలుకు ఇరికిన కెంపు ఉంగరం

నేను, వేల్పూర్ కొమురయ్య చిన్న కొడుకు రాజలింగు, ఉమర్ ఇరవై మూడు, ఇప్పుడు ఉండేది నిజామాబాద్ దవాఖాన్ల, కిటికీ పక్క మంచం మీద. నా మతి నా తాననే ఉన్నది, జర గాబరగ ఉన్నది, గంతే. తాగలేదు. ఎవ్వలు జబర్దస్తీ చెయ్యలేదు. రేపు పొద్దుగాల మత్తిచ్చి నా కుడిచెయ్యి ఏలన్న కోస్తరట, ఏలుకు ఇరికిన ఉంగరమన్న కోస్తరట. మత్తుల పోయినోడు మల్ల లేస్తడో లేవడో ఎవ్వలు చెప్తలేరు. గందుకే గీ వీలునామా రాసిపెడ్తున్న. ఎడమచేత్తోని రాస్తున్న. నాది పుట్టుకతోనే ఎడమచెయ్యి. గా చేత్తోని రాస్తున్ననని సారు కొడుతుంటెనే నాలుగో తరగతిల బడి ఇడిసిన. తప్పులుంటె దిద్దకుండ్రి, సదివి సమజ్ చేసుకోండ్రి.

షరతులకు నంబర్లు ఎయ్యాలె అని కంపౌండర్ వెంకటన్న అన్నడు. ఏస్తున్న.

1. నా సైకిల్ మా అవ్వ హన్మవ్వకు. అవ్వకు తొక్కరాదు, నాకు ఎర్కనే. అమ్ముకోవాలె. మా అన్న సాయన్న అడిగితె ఇయ్యొద్దు. బాపు పోయినంక పసుపు చేను రెండు పాళ్ళు చేసినప్పుడు బాయి దిక్కున్నది తనకు, రాళ్ళ దిక్కున్నది నాకు పెట్టిండు. "నువ్వు ఊళ్ళె నిలిచేటోనివి కాదు గదరా, నీకు నీళ్ళెందుకు" అన్నడు. నిజమే, నేను నిలువలే. గని అనొద్దు గదా. నా పాలు ఆయన పిల్లలకు రాస్తున్న. ఆయనకు కాదు.

2. ఉంగరం. ఇది నాది కాదు. మల్ల ఎవ్వలది అంటె, రాసుకుంట పోతె తెలుస్తదేమో అని రాస్తున్న.

బోధన్ దిక్కు రుక్మాబాయి అమ్మ అని ఉన్నది. ఆమె పెనిమిటి పెట్టుకున్న ఉంగరం ఇది. నడుమ రేగుపండంత కెంపు, చుట్టూత వజ్రాలు. అరచెయ్యి దిక్కు గూడ వజ్రాలే, ఉత్త బంగారం పెసరగింజంత కనవడది. గిసుంటిది జిల్లాల ఇంకోటి లేదంటరు. చెరుకు తోటకు నీళ్ళ ఇంజను పెట్టాలని ఆమె దీన్ని గంజ్‌ల హరాజుకు పెట్టించింది.

కెంపు అందరికి పడదని మా దిక్కు భయం. కొనేటోడు ముందుగాల వారం రోజులు పెట్టుకొని సూస్తడు. మంచి జరిగితె ఉంచుకుంటడు, చెడు జరిగితె వాపస్ ఇస్తడు. హరాజు పాట మా ఆత్మారాం సేఠ్ తాన ఆగింది. ఆయన పసుపు అడ్తిలనే నేను బస్తాలు మోస్త. వారం సూసి చెప్త అని ఉంగరం తెచ్చిండు, అడ్తికి రాంగనే నా ఏలుకు తొడిగిండు. "నా ఉప్పు తింటున్నవ్ గదరా, నీకు పడితె నాకు పడ్డట్టే" అన్నడు. మంచైతె ఆయనకు, చెడైతె నాకు. గప్పుడు నాకు సమజ్ కాలే. మెరుస్తుంటె సంబురమైంది.

నాలుగొద్దులకు పసుపు బస్తా జారి చెయ్యి మీద పడ్డది. ఏలు వాసింది, చీము పట్టింది, ఉంగరం లోపటికి కూరుకపోయింది. సబ్బు పెట్టిండ్రు, నూనె పెట్టిండ్రు, దారం చుట్టి గుంజిండ్రు. రాలే. ఉంగరం కొయ్యాలె, లేకుంటె ఏలు పోతదని డాక్టర్ సాబ్ అన్నడు. కంసాలి వచ్చి సూసి, యాడ కోసినా వజ్రాలు పలుగుతయి, గీ పని మల్ల ఎవ్వలు కట్టలేరు అన్నడు.

3. ఆత్మారాం సేఠ్‌కు నేను ఏం ఇయ్య. నిన్న వచ్చి మంచం కాడ నిలవడి, "ఏలే తీసెయ్యుండ్రి సాబ్, బస్తా మోసెతందుకు తొమ్మిది చాలు" అన్నడు. నవ్విండు గూడ. పాట ఖరారు కాలేదట, ఉంగరం ఎట్ల తెచ్చిండో గట్లనే అప్పజెప్పాలెనట. బయటికి వోయి మా పక్క మంచం పోశన్నతోని మాత్రం "రాయి చెడ్డది, నాకొద్దు" అన్నడట. వద్దంటె అది ఆయనది కాదు. ఆయనది కాకపోతె నా ఏలు తియ్యుమనెతందుకు ఆయనెవ్వలు? బస్తా పడ్డనాడు నా చెయ్యికి చుట్టిన ఆయన తువ్వాల నా సంచిల ఉన్నది. ఇచ్చెయ్యుండ్రి. ఉతకకుంట ఇయ్యుండ్రి.

4. బీడీలు చుట్టే రేణుకకు నాందేడ్‌కెల్లి తెచ్చిన ఆకు కత్తెర. సంచి అడుగున ఉన్నది, ఇయ్యబుద్ధయింది గని ధైర్యం కాలే. రెండేండ్ల సంది ఆమె గల్లీలకెల్లి పోతున్న, ఎన్నడు తలకాయ లేపలే. ఉంగరం పెట్టుకొని పోయిననాడు లేపింది. "ఎవ్వల్ది కొట్టేసినవ్ రా?" అన్నది. అరుగు మీది ఆడోళ్ళందరు నవ్విండ్రు. తెల్లారి మల్ల పోతె "ఏది, చెయ్యి ఇటియ్యి" అని ఏలు పట్టుకొని సూసింది. రాయిని సూసిందో నన్ను సూసిందో తెల్వది. రాయి మంచిదైతె బస్తా ఎందుకు పడ్డది? చెడ్డదైతె రేణుక ఎందుకు మాట్లాడింది? డాక్టర్ సాబ్‌ను గూడ అడిగిన, పండుకో అన్నడు. కత్తెర మటుకు ఆమెదే. ఎందుకిచ్చిండు అని అడిగితె ఏం చెప్పకుండ్రి.

5. గింతదాక రాసేసరికి రుక్మాబాయి అమ్మ బోధన్ బస్సు దిగి వచ్చింది. కొంగుల చెరుకు ముక్కలు కట్టుకొచ్చింది నాకని. అద్దాలు పెట్టుకొని ముందుగాల ఉంగరమే సూసింది, శానసేపు. గటెన్క "నొస్తుందా బిడ్డా" అన్నది. నొస్తుందమ్మా అన్న.

"మా ఆయన పోయిననాడు దీన్ని నేనే తీసిన. సల్లవడ్డ ఏలు, అల్కగ ఊడొచ్చింది. ఏలు గరంగ ఉండి అది రాకపోతె పంచాయితి ఎందుకురా? ఉంగరమే కొయ్యుమను."

మల్ల తోటకు ఇంజనో అని అడిగిన. "మోట ఉన్నది గద" అన్నది. డాక్టర్ సాబ్ కాయిదం మీద సంతకం గూడ పెట్టింది. గని పోయేటప్పుడు వాకిట్ల నిలవడి మల్లొకసారి సూసింది. ఉంగరం దిక్కే, నా దిక్కు కాదు.

ఆమెను గీ కాయిదానికి గూడ సాక్షిగ ఉండమన్న. వీలునామాల ఆమెకు ముట్టేటిది ఉన్నప్పుడు ఆమె సాక్షి కారాదని వెంకటన్న చెప్పిండు. గందుకే పంపించిన.

6. ఆఖరి షరతు ఆమెకు తెల్వది. ఆమె ముంగట సరే అన్న. గని గీడ రాస్తున్న. మత్తులనే నా పానం పోతె ఉంగరం జోలికి పోవద్దు. ఏలు తీసెయ్యుండ్రి, ఉంగరం కడిగి ఉన్నదున్నట్టు రుక్మాబాయి అమ్మ చేతిల పెట్టుండ్రి. ఆమె తోటకు ఇంజను రావాలె. నేను ఉంటె మటుకు ఉంగరమే కొయ్యుండ్రి. నా ఏలు నాకు కావాలె. గిట్ల అడుగుడు మంచిదో కాదో నాకు తెలుస్తలేదు, ఆమె మీద పాపం అనిపిస్తుంది, గని కావాలె.

వీలునామా సచ్చినోనికే చెల్లుతదట. బతికినోని ముచ్చట దీంట్ల రాస్తె చెల్లదట. గట్లయితె డాక్టర్ సాబ్, మీకు నోటితోని గూడ చెప్త. సన్న రంపం చేతిల పట్టుకునే ముందు నా ముక్కు కాడ చెయ్యి పెట్టి ఊపిరి సూడుండ్రి. రెండుసార్లు సూడుండ్రి.

1967 మార్చి 14, మంగళారం, దీపాలు పెట్టే యాల్ల, నిజామాబాద్ దవాఖాన.

సంతకం, ఎడమచేత్తోని: కొ. రాజలింగు

సూసినోళ్ళు:
వెంకటి, కంపౌండర్
పోశన్న, ముప్కాల్, పక్క మంచం (ఏలిముద్ర)