గడ్డకట్టిన పాదరసం

వెయ్యెట్ గారికి,

ఈ ఉదయం వంటగది కిటికీకి లోపలివైపు పేరుకున్న మంచు మీద, మా వాతావరణ కేంద్రంలో జనరేటర్ చూసే ఒవీలా గారు వేలితో ‘వసంతం’ అని రాశారు. ఆయన కూడా మీలాగే ఆశాజీవి.

జనవరిలో వరసగా మూడు రోజులు ఉష్ణోగ్రత మైనస్ ముప్పై తొమ్మిదే ఉందనీ, నేను బయటికి వెళ్లకుండానే అంకెలు వేశాననీ మీరు మాంట్రియాల్‌లో కూర్చునే కనిపెట్టారు. ఈ చలికాలపు నమోదులన్నీ కొట్టేసి, నన్ను వెనక్కి పిలిపిస్తామన్నారు.

అయ్యా, ఆ చలికి పాదరసం గడ్డకడుతుంది; చలి ఇంకెంత ముదిరినా అంకె కిందికి దిగదు. ఆ మాట అంకెల పక్కనే రాశాను. అందుకే సెప్టెంబరులో ఆల్కహాల్ థర్మామీటరు అడిగాను. మీరు దయతో దోమతెరలు పంపారు. ఫిబ్రవరిలో మాకు దోమల బాధ లేదంటే మీ చలవే.

“ఏమ్మా కాన్వెంటు పిల్లా, ఇవాళా ముప్పై తొమ్మిదేనా?” అన్నారు మూడో రోజు ఒవీలా గారు. “అయితే నా కోటు విప్పేస్తా!”

నన్ను పిలిపించుకోండి. నమోదులు మాత్రం ఉంచండి.

అక్షరాలు వంకరగా ఉన్నందుకు మన్నించండి, ఎడమచేత్తో రాస్తున్నాను. ఆ మూడో ఉదయం బయట పెన్సిలు పట్టడానికి చేతితొడుగు తీశాను. నల్లబడిన చూపుడువేలి కొసను నర్సు మొన్న తీసేసింది.