వెనక్కి తీసుకున్న సంతకం

మాగ్డెబర్గ్,
మే 2006

చెల్లి గుడ్రున్‌కు,

అక్క రోజ్విత ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ బావా కులాసా. కాసెల్‌లో నువ్వూ పిల్లలూ బాగున్నారనుకుంటున్నాను.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఏడుస్తుంది. ఫ్యాక్టరీ మూతపడేదాకా ముప్ఫై ఏళ్లు అక్కడ క్రేన్ నిచ్చెన ఎక్కిన కాలు, దానికి ఆమాత్రం హక్కుంది. మీ బావ తోటలో చిక్కుడు గింజలు పెట్టి, పొద్దున్నే మొలకలను ఇన్‌స్పెక్టరులా తనిఖీ చేస్తున్నాడు.

ఇక నీ రెండో ప్రశ్న. "నిరుద్యోగ భృతి నిబంధనలు బిగించాక నిరుద్యోగం తగ్గిందట. చూశావా అక్కా, బిగిస్తేనే జనం కదులుతారు!" అని రాశావు. చదివి ఒళ్లు మండింది. పేపరు అబద్ధం చెప్పలేదులే. కొందరికి నిజంగానే పని దొరికింది. మిగతావాళ్లు ఎటు పోయారో మాత్రం నువ్వడగలేదు.

నీకు చెప్పకుండా దాచాను. వాళ్లలో నేనొకదాన్ని. మార్చిలో యాభై ఎనిమిది నిండగానే ఉపాధి ఆఫీసుకు పిలిచారు. మెర్టెన్స్ అనే ఆవిడ కాఫీ ఇచ్చి మరీ నా ముందుకు ఒక కాగితం జరిపింది.

"ఇక పని వెతకనని సంతకం పెట్టండి, చాలు. పింఛను దాకా భృతి వస్తుంది. మా పిలుపులూ ఉండవు."

"మరి నన్ను నిరుద్యోగుల్లో లెక్కేస్తారా?"

"వెయ్యం. ఎందుకండీ ఆ మచ్చ?"

పెట్టకపోతే పిలిచినప్పుడల్లా పరుగెత్తాలి, ఏ పని కాదన్నా భృతి కోస్తారు. ఆ భయంతో పెట్టేశాను. మీ బావకు కూడా చెప్పలేదు. సిగ్గేసింది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వెళ్లి, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్నాను.

"ఈ వయసులో మీకు క్రేన్ ఎవరిస్తారండీ?"

"ఇవ్వకపోతే ఇవ్వలేదని రాసుకోండి. నేనే వద్దన్నానని మాత్రం రాయకండి."

ఆవిడ ముఖం మాడ్చుకుని కొత్త కాగితం తీసింది. ఇకనుంచి నెలనెలా దరఖాస్తులు చూపించాలి. మీ బావకు అంతా చెప్పేశాను. "నువ్వు పోట్లాట మానవన్నమాట" అంటూనే రేవులో క్రేన్లు నడిపే కంపెనీ చిరునామా వెతికి పెట్టాడు.

భయం పోలేదు గుడ్రున్. కానీ వచ్చే నెల పేపర్లో ఆ నిరుద్యోగుల అంకె నా వల్ల ఒకటి పెరుగుతుంది. పెరగనీ.

పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ అక్క
రోజ్విత,
క్రేన్ ఆపరేటర్, నిరుద్యోగి