బ్రిజిత్ దొరసాని తోబుట్టువులు

ఆర్మూర్, మార్చి 2009

చిన్నాయనకు వందనాలు.

నాయనమ్మను పెంచిన నర్సు బ్రిజిత్ దొరసాని తల్లి పేరు నోరా అని, మీ దగ్గరున్న పాత బైబిల్ చూసి రాశారు కదా. పసుపు మార్కెట్ పక్కనున్న నెట్ సెంటర్‌లో ఐర్లాండ్‌లోని ఆమె ఊరి చర్చి బాప్తిస్మాల రిజిస్టర్ వెతికాను. బ్రిజిత్‌లు ఇద్దరున్నారు. వారిలో నోరా కూతురే మన దొరసాని. ఆమె తర్వాత అదే తల్లికి ఇంకో ఆరుగురు పుట్టారు!

నాయనమ్మ నమ్మలేదు. "నేను చిన్నగున్నప్పుడు నాకెవ్వరు లేరని ఏడుస్తుంటే, 'నాకు గూడ ఎవ్వరు లేరు బిడ్డా, మనిద్దరమే' అన్నది గదా దొరసాని!" అంది.

ఆరు పేర్లూ రెండుసార్లు చదివించుకుంది. తర్వాత మెల్లగా, "గట్లయితే వాళ్ల అక్కను ఆమె పోయేదాంక నా దగ్గర్నే పెట్టుకున్న. గా ఇంటోళ్లు ఎవరన్న ఉన్నరేమో సూడు. ఆమె ఈడ ఒంటిగ లేకుండెనని చెప్పాలె" అంది.

రేపు మళ్లీ వెతుకుతాను.

మీ అన్న కూతురు