నయం చెయ్యమన్నాను

ఠాణా అధికారి గారికి,

నా పేరు వీరాబత్తిన మాణిక్యమ్మ. డెబ్బై నాలుగేళ్లు. సరోజినీ నగర్ క్వార్టర్లో కూతురు, అల్లుడు, మనవరాలితో ఉంటాను. చదువు రాదు, నోరు ఉంది.

మా పాత చిన్నకారులో వేరే ఇంజన్ పెట్టి అసలుది కాజేశాడని మా అల్లుడు మిస్త్రీ రాంబీర్ మీద ఫిర్యాదు ఇచ్చాడు. మీరు అతన్ని నిన్నటి నుంచీ కూర్చోబెట్టారట. అతను దొంగ కాదు.

బండి బాగుకిచ్చిన రోజు అల్లుడు నన్ను రాంబీర్ షెడ్డులో కాపలా ఉంచి ఆఫీసుకి పోయాడు. రాంబీర్ బండి కక్కే పొగ చూపించి, "అమ్మాజీ, నయా కర్ దూఁ?" అన్నాడు. జబ్బు నయం చేస్తానంటున్నాడనుకుని, "ఆఁ, నయం చెయ్యి బాబూ" అన్నాను. వాళ్ల భాషలో నయా అంటే కొత్తదట! నేను సరేనన్నాననుకునే వేరే ఇంజన్ పెట్టాడు. పాత ఇంజన్ షెడ్డులోనే గోనెపట్టా కింద ఉంది, చూసుకోండి.

"మీకేం తెలుసు, ఊరుకోండి అత్తయ్యా" అంటున్నాడు అల్లుడు. ఎలా ఊరుకోను? అతన్ని కొడతారేమోనని నాకు ముద్ద దిగడం లేదు. వదిలిపెట్టండి బాబూ.

నేను చెప్తుంటే రాసిన మనవరాలే దీన్ని హిందీలోకి మార్చి ఇస్తుంది. నయం అన్న మాట మాత్రం మార్చొద్దని ఒట్టు వేయించుకున్నాను. అది మారిందంటే రాంబీర్ దొంగైపోతాడు.

మాణిక్యమ్మ వేలిముద్ర

సాక్షులు: తేజశ్రీ (మనవరాలు), సరోజ (పక్క క్వార్టర్)