ఫోనులో చెప్పనివ్వని మాట

పెరంబూరు, చెన్నై.

అక్కా, నేను కులాసా, దిగులు పడొద్దు. ముట్లుడిగిన ఆరేళ్ళకు నాకు మళ్ళీ రక్తం కనిపించింది కదా, గర్భసంచిలో పెరిగిన చిన్న కండను డాక్టరమ్మ తీసి పరీక్షకు పంపింది. క్యాన్సర్ కాదట. "వేడి చేసిందని మూణ్ణెల్లు మజ్జిగ తాగతా కూర్చుంటివా?" అని మాత్రం తిట్టింది.

నీకూ రెండు నెలలుగా అదే బాధ. ఫోనులో అడిగితే "ఊరుకో, ఈడ మీ బావ ఉండారు" అంటావు.

బర్రె ఈనిందా? ఎవరైనా వస్తుంటే మామిడి ఒరుగులు పంపు.

బావా, అక్కకు చదువు రాదు, నా కార్డులన్నీ మీరే చదివి వినిపిస్తారు. అందుకే కార్డు రాశాను. అక్క లాక్కునేలోగా ఈ ముక్క కూడా చదవండి: రేపే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇద్దరికీ దండాలు.

మీ వేదవల్లి