బర్రెల కొట్టంలో దొరికిన చీమ

అండాలూ,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. ఈ రోజు మన సునీత కాలేజీలో చీమల మీద మాట్లాడింది. లాల్‌దర్వాజాలో పాలు పోయడం ముగించుకొని నేనూ వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను.

మన కొట్టం గోడ మీద పాకే చీమే తెర మీద బర్రె తలంత పెద్దగా కనిపించింది. ఆ జాతి పేరు క్రిమటోగాస్టర్ అట. దాని పొట్ట పైనుంచి చూస్తే గుండె ఆకారంలో ఉంటుంది. ఎవరైనా కదిలిస్తే ఆ పొట్టను తేలు కొండిలా తల మీదికి ఎత్తుతుంది. ఈ చీమలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నా, వేడి దేశాల్లోనే ఎక్కువట.

ఒక పెద్ద సారు, "నీకెక్కడ దొరికాయమ్మా?" అని అడిగాడు.

"మా ఇంట్లనే సార్, బర్రెల కొట్టంల," అంది మన బిడ్డ, తల దించుకోకుండా. ఆ సారే ముందుగా చప్పట్లు కొట్టాడు.

"చీమల సదువేంది?" అని మా అన్న లొల్లి చేసిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు నేను నోరు మెదపలేదు. నువ్వే, "దానికి ఇష్టమైంది సదవనియ్యుండ్రి బావా," అన్నావు.

పక్కనున్నాయన నా వైపు వంగి, "మస్తు చెప్పింది భాయ్. ఎవరి బిడ్డ?" అని అడిగాడు.

"మా అండాలు బిడ్డ," అన్నాను.