మెట్ల కింద చల్లగది

దుబాయ్ నుంచి

సువార్తక్కకి,

నీ తమ్ముడు రత్నరాజు వందనాలు. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నువ్వు ఫోనెత్తవు కాబట్టి అనుకోవడం తప్ప చేసేదేం లేదు. బావ షుగరు మాత్రలు వేళకి వేసుకుంటున్నాడా? నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను. మన వీధి ఏలీషా షార్జా గ్యారేజీ నుంచి సెలవు మీద వస్తున్నాడు, వాడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చింపేస్తే చింపెయ్, కానీ చదివాక.

ఇక్కడ ఎండలు ముదిరాయి. గుమ్మం దాటితే ఒళ్ళు ఉడికిపోతుంది. నేను వంట చేసే ఈ ఇంట్లో ఒక్క గదికి మాత్రం ఎండాకాలం లేదు. మెట్ల కింద చిన్న గది. మా సారు వైను సీసాలు అందులో దాచుకుంటాడు. ఖరీదైనవేం కావు. చవకలో మంచిది వెతికి పట్టుకోవడం ఆయన సరదా. ఆ గదిలో ఏసీ ఆగకూడదు. కరెంటు పోయినా నడవడానికి బ్యాటరీ పెట్టించాడు. వేడి తగిలితే పాడైపోతాయట.

అప్పుడప్పుడు శుక్రవారం సాయంత్రం స్నేహితులు వస్తారు. పేర్లు కనపడకుండా నేను సీసాలకి కాగితం చుట్టాలి. వాళ్ళు వాసన చూసి, నోట్లో పోసుకుని, పుక్కిలించి బకెట్లో ఉమ్మేస్తారు. ఏది చవకదో చెప్పడమే ఆట. ఆ బకెట్టు కడిగేది నేనే.

గురువారం తెల్లవారుజామున నువ్వు ఫోన్ చేసి అమ్మ పోయిందన్నప్పుడు నేరుగా సారు దగ్గరికే వెళ్ళాను. పాపం అన్నాడు. చూద్దాం అన్నాడు. ఆ మాట పట్టుకునే నీకు వచ్చేస్తున్నానని చెప్పాను. రాత్రికి మాట మార్చాడు. రేపు మనుషులొస్తున్నారు, వంటకి ఇంకెవరూ లేరు, శనివారం వెళ్ళమన్నాడు. నువ్వు నాకోసం ఐసు పెట్టె అద్దెకి తెచ్చి అమ్మని అందులో ఉంచావు. ఊళ్ళో కరెంటు పోయింది. ఇక ఆగితే బాగుండదని పాస్టరుగారు చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం మట్టి చేశారు. ఆ వేళకి నేను ఆ చల్లగదిలో నిలబడి సీసాలకి కాగితం చుడుతున్నాను. అక్కడ చేతులు కొంకర్లు పోతాయక్కా. నీకు ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఆ సాయంత్రం ఒక చవక వైను అందర్నీ మోసం చేసింది. సారుకి ఆనందం పట్టలేదు. నన్ను పిలిచి చిన్న గ్లాసులో పోసి, నువ్వూ చూడు అన్నాడు. నేను రెండు చేతులతో అందుకుని, తల వంచి, కళ్ళు మూసుకుని ఆగిపోయాను. బల్ల ఆదివారం చర్చిలో ద్రాక్షరసం అందరికీ అందేదాకా ఆగుతాం కదా, అలా. అమ్మ ఎండుద్రాక్ష ఉడకబెట్టి చర్చికి పంపిన రసం తప్ప గ్లాసులో ఇంకేదీ ఎరగని వాణ్ణి, నాకు ఇంకో పద్ధతి తెలియదు. వాళ్ళు పగలబడి నవ్వారు. ఒకడు, “అరే భాయ్, పూజ చేస్తున్నావా?” అన్నాడు. తాగాను. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పట్టేసింది. ఉమ్మలేదు, మింగాను. ఎలా ఉంది, చెప్పు చెప్పు అన్నారు.

“మా అమ్మని ఇవాళే పూడ్చారు” అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, అందరి ముందూ ఎందుకు చెప్పావని అడిగాడు. కాసేపటికి మళ్ళీ గ్లాసుల చప్పుడు మొదలైంది. నేను చపాతీలు కాల్చాను. కాల్చక ఏం చేస్తాను?

మర్నాడు ఆయనన్నాడు, “ఇప్పుడెళ్ళి ఏం చేస్తావ్? ఖలాస్, అంతా అయిపోయింది కదా.” అదే రోజు నువ్వూ, “ఇప్పుడొచ్చి ఏం చేస్తావురా” అని ఫోను పెట్టేశావు. ఆయనంటే కోపం వచ్చింది. నువ్వంటే కోపం కూడా రాలేదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

అందుకే టికెట్ కొనేశాను. కొత్త వంటమనిషి దొరికినా దొరక్కపోయినా నెలాఖరుకి బయల్దేరుతున్నానని సారుతో చెప్పేశాను. మళ్ళీ రానిస్తాడో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది, ఆ భయం పెట్టుకోకు. ఏలీషాతో పిల్లలకి ఖర్జూరాలు, నీకు నొప్పుల తైలం పంపిస్తున్నాను. అమ్మ కళ్ళజోడు ఎవరికీ ఇవ్వకు. బావకి, పాస్టరుగారికి నా వందనాలు చెప్పు. నాకోసం ప్రార్థన చెయ్యమను.

వచ్చి ఏం చేస్తావన్నావు కదా. అమ్మ మీద మీరందరూ తలో పిడికెడు మట్టి వేశారు. నాది ఇంకా పడలేదు. వచ్చి అది వేస్తాను. నువ్వు పక్కన నిలబడు అక్కా, మాట్లాడకపోయినా సరే.

నీ తమ్ముడు
రత్నరాజు